మా అమ్మ తాళపు గుత్తి చేసిన వైద్యం

మా అమ్మ మొలన ఒక తాళపు గుత్తి ఉండేది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో దానికున్న పేరు నా బి.ఏ. డిగ్రీకి ఏనాడూ రాలేదు.

ఎవరికైనా మూర్ఛ వచ్చి పడిపోతే పిడికిట్లో ఇనుము పెట్టాలని మా పల్నాడులో గట్టి నమ్మకం. ఇంట్లో చేతికందే ఇనుమంటే తాళాలే గనక తాళాలు పెట్టేవాళ్ళు. కాసేపటికి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగిపోతుంది, మనిషి నిద్రలోకి జారుకుంటాడు. ఇంకేం, తాళాలు గెలిచాయి. పెట్టకపోయినా అంతసేపటికే ఆగేదన్న ఆలోచన ఎవరికీ రాదు. రావాలంటే ఒక్కసారి పెట్టకుండా చూడాలి. కోడి కూసింది గనకే తెల్లారిందనుకునేవాడు కోడి పీక నొక్కి పట్టుకుని చూడడు గదా.

మా అమ్మ గుత్తి మరీ బరువైనది. గాదె తాళం, ధాన్యపు కొట్టు తాళం, మా తాతల నాటి ఇనప్పెట్టె తాళం, ఎప్పుడో పడిపోయిన ఒక ఇంటి తాళం కూడా అందులో ఉండేవి. ఇరుగుపొరుగు ఊళ్ళలో ఎవరికైనా మూర్ఛ వస్తే మనిషిని పరిగెత్తించి ఆ గుత్తిని పట్టుకుపోయేవాళ్ళు. ఆ మనిషి వచ్చి, తీసుకుని, తిరిగి వెళ్ళేసరికి అక్కడ మూర్ఛ ఎటూ తగ్గిపోయి ఉండేది. "నీ గుత్తి బయలుదేరిందని తెలియగానే తగ్గిపోయింది పిన్నీ" అని చెప్పి తిరిగిచ్చేవాళ్ళు. మా అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని మొలన దోపుకునేది. ఎదురుగా నేను కూర్చునే ఉండేదాన్ని. నోరు విప్పితే "చదువుకున్నదానివి, నీకేం తెలుసే" అనేది. ఈ మాటలో ఉన్న తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మా ఊరు గురజాలకు దగ్గర. నన్ను నరసరావుపేటలో ఒక ప్లీడరుకిచ్చారు. పుట్టింట్లో అమ్మా, తమ్ముడూ, వాడి భార్యా. నేను చెప్పబోయేది ఆ మరదలి గురించే. క్రోసూరు వైపు పిల్ల. చదువు నాలుగో ఐదో తరగతులు. అయినా ఆ ఇంట్లో నాతో వాదించి నిలబడగలిగిన ప్రాణి ఆమె ఒక్కతే. నేను ఇంగ్లీషు ముక్క ఒకటి విసిరితే, "ఆ ముక్క తెలుగులో చెప్పండి వదినా, అబద్ధమైతే తెలుగులో దొరికిపోద్ది" అనేది. మా తమ్ముడు కోతలు కోస్తున్నప్పుడు వాకిట్లోంచి ఒక్క మాట అనేది, వాడి గాలి తుస్సుమనేది. నేను పుట్టింటికి పోయేది ఎవరికోసమని ఎవరైనా అడిగితే, కన్నతల్లి ఏమైనా అనుకోనీ, మరదలి నోటికోసమనే చెప్పేదాన్ని.

కాపరానికి వచ్చిన రెండో ఏడు ఆమెకు మూర్ఛలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతిసారీ అమ్మ గుత్తి, ప్రతిసారీ గుత్తికి జయం. ఒకసారి నా ఎదుటే వచ్చింది. గుత్తి తగ్గిస్తుంది సరే, మళ్ళీ రాకుండా ఎందుకు చెయ్యదని అడిగాను. దానికెవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని సందు చూసుకుని మరదల్ని రైలెక్కించి, దిగువన ఉన్న మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. అమ్మా తమ్ముడూ కూడా వచ్చారు, నేనేదో మతంలో కలిపేస్తానని కాపలాకి.

అక్కడి డాక్టరమ్మ మా ప్రాంతపు క్రైస్తవుల అమ్మాయే, మద్రాసులో చదివింది. రోజూ రాత్రి వేసుకోమని ఫినోబార్బిటోన్ మాత్రలిచ్చింది. ఇస్తూ ఆ ముగ్గురికీ వినపడేలా చెప్పింది. "ఈ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. తగ్గిందని మానొద్దు, తగ్గలేదని మానొద్దు. ఎప్పుడు మానాలో నేను చెప్తాను, అదీ కొంచెం కొంచెంగా మాన్పిస్తాను. ఉన్నట్టుండి మానేస్తే మొదటిదానికంటే ఘోరంగా వస్తుంది, ఒక్కోసారి ఆగదు." ముగ్గురూ తలలూపారు. మా వాళ్ళు తల ఊపడంలో మొనగాళ్ళు.

మాత్రతో మూర్ఛలు ఆగిపోయాయి. రెండేళ్ళపాటు ఒక్కటీ రాలేదు. ఆ ఘనత ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదనుకుంటాను. అమ్మ గుత్తిని రాత్రిపూట మరదలి దిండు కింద పెట్టడం మొదలుపెట్టింది. మాత్ర ఆరోగ్యం ఇచ్చింది, గుత్తి పేరు తీసుకుంది. ఆ తరవాత రాజకీయాల్లో ఈ ఏర్పాటు చానాసార్లు చూశాను గానీ మొదటిసారి చూసింది మా ఇంట్లోనే.

యుద్ధం అయిపోయింది. కిరసనాయిలుకు ఇంకా క్యూలు కడుతున్న రోజులు. మా తమ్ముడికి పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు కావాలని పుట్టింది. ఎదుటి పార్టీ తరఫున నిలబడినాయన మాకు వరసకు బాబాయి. మా ఊళ్ళో రెండు పార్టీలకూ సిద్ధాంతంలో తేడా ఏమిటని ఎవరైనా అడిగితే పడమటి వీధి, తూర్పు వీధి అని చెప్పొచ్చు. ఆడవాళ్ళకు నాలుగు మాటలు చెప్పడానికి చదువుకున్న మనిషి కావాలని తమ్ముడు నన్ను పిలిపించాడు. ఎన్నికలు కాకపోతే వాడికి నా చదువు గుర్తొచ్చేది కాదు.

నేను వెళ్ళిన సాయంత్రం మరదలు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. ముఖం కొంచెం పాలిపోయి ఉంది.

"ఏమే, సరిగ్గా నిద్ర పోవడంలేదా?" అన్నాను.

"మాత్ర లేదుగా వదినా, నిద్ర యాడిది. ఎలక్షను అయ్యేదాకా నాకు రోగం లేదని మీ తమ్ముడు చెప్పారు." కొంగు సర్దుకుని, "రోగానికి కూడా చెప్పారో లేదో" అంది.

ఆమె నవ్వింది. నేను లేచి తమ్ముడి దగ్గరికి పోయాను. వాడు అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచి అడిగాను.

"నెలనెలా రైలెక్కి ఆసుపత్రికి పోతావుంటే జనం ఏమనుకుంటారక్కా? ఆ ఇంటిమీద గాలి ఉందని బాబాయి మనుషులు ఇంటింటికీ తిరిగి చెప్తన్నారు. రోగం లేదని నమ్మాలంటే మందు కనపడకూడదు."

"అంటే రోగం లేదని చూపించడానికి మందు మాన్పించావా?"

"తాత్కాలికంగా."

"ఒరేయ్, డాక్టరమ్మ చెప్పినప్పుడు తల ఊపింది నువ్వేనా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "రెండేళ్ళయింది రాక. గుత్తి దిండు కింద ఉన్నంతకాలం దాని జోలికేదీ రాదు. ఆ సీమమందు మింగి మింగి పేగులు మాడిపోవటానికా?"

"సీసా ఎక్కడుంది?" అన్నాను.

అమ్మే పెంటదిబ్బలో పడేసిందట. ఇంట్లో ఉంటే ఓట్లడగడానికి వచ్చిపోయేవాళ్ళ కంటపడుతుందని. రేపు పొద్దున్నే మనిషిని రైలుకు పంపి మాత్రలు తెప్పించాలని నేను పట్టుబట్టాను. తమ్ముడు "అట్టాగేలే" అన్నాడు. ఆ మాట ఓటర్లతో అనే గొంతుతోనే అన్నాడు. అయినా నేను వదల్లేదు, వాడు భోజనం చేస్తున్నంతసేపూ పీడించి, మనిషిని కుదిర్పించాకే లేచాను.

ఆ మనిషి బయలుదేరకముందే మూర్ఛ వచ్చేసింది.

పొద్దున పెరట్లో ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మరదలు వాళ్ళకు మజ్జిగ తెచ్చింది. చెంబు కింద పడిన చప్పుడయింది. చూసేసరికి ఆమె మిరపరాశి పక్కన బిగుసుకుపోయి ఉంది, కళ్ళు పైకి తేలిపోయాయి. ఆ తరవాత ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. నేను ఆమెను ఒక పక్కకు తిప్పి, తలకింద నా చీరచెంగు మడిచి పెట్టాను. ఒకావిడ మిరపకాయల పొగ పెట్టమంది. ఇంకొకావిడ నోట్లో నీళ్ళు పొయ్యబోయింది. ఆ చెంబు నేను విసిరేశాను. అది ఎవరి కాలికో తగిలింది. తగిలినందుకు నేను విచారించలేదు.

అమ్మ గుత్తితో వచ్చింది. బిగుసుకున్న పిడికిలి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి దూర్చింది. అందరూ గుత్తివంక చూస్తున్నారు. మనిషివంక నేను చూస్తున్నాను. కొట్టుకోవడం కొంచెం నెమ్మదించింది. "చూశావా" అంది అమ్మ. ఆ మాట పూర్తయ్యేలోపే మళ్ళీ మొదలైంది. ఇది ఎప్పటిలా లేదు. ఒకటి ఆగీ ఆగకముందే ఇంకొకటి. మధ్యలో కళ్ళు తెరవడం లేదు, పిలిస్తే పలకడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన 'ఆగదు' అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది.

"బండి కట్టించరా" అన్నాను తమ్ముడితో. మా బండి ప్రచారానికి పక్క పల్లెకు పోయిందన్నాడు. ఇంకెవరిదైనా తెమ్మన్నాను. వాడు కదిలేలోగా పెరట్లో పెద్దమనుషులు చేరి ఆలోచన మొదలుపెట్టారు. మా ఊళ్ళో నలుగురు చేరారంటే ఆలోచన మొదలైనట్టు, పని ఆగిపోయినట్టు.

గుత్తి పనిచెయ్యలేదు. అంటే తాళాల వైద్యం తప్పని తేలాలి గదా? తేలలేదు. ఈ తాళాలు చాలవని తేలింది. రెండేళ్ళు దిండు కింద ఉండి ఉండి గుత్తిలో శక్తి అయిపోయిందని ఒకాయన కనిపెట్టాడు. ఇంకా బరువైన ఇనుము కావాలన్నారు. దాంతో ఊళ్ళోంచి తాళాలు రావడం మొదలైంది. కరణంగారింటి నుంచి చావిడి తాళం వచ్చింది. కోమటి కొట్టు తాళం వచ్చింది. ఆఖరికి బడిపంతులు బడి తాళం కూడా పంపించాడు, పిల్లలు వీధిలో నిలబడ్డారు. ఒక్కో తాళం పిడికిట్లో పెట్టడం, చూడటం, తీసెయ్యడం. కొట్టుకునే చేతిలో ఇనుము ఉంటే ఏమవుతుంది? అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. "నెత్తురొచ్చింది, ఇంక దిగిపోద్ది" అన్నాడు ఒక జ్ఞాని.

నేను అరుస్తూనే ఉన్నాను. నా అరుపు ఆ ఊళ్ళో అందరికీ అలవాటే గనక ఎవరూ పట్టించుకోలేదు. రోజూ వాదించే మనిషికి ఇదొక్కటే నష్టం.

అప్పుడు బాబాయి వచ్చాడు. ఎదుటి పార్టీ బాబాయే, తన గూడుబండి కట్టించుకుని వచ్చాడు. వెనక ఆయన మనుషులు. చేతిలో తువ్వాలు, తువ్వాల్లో జానెడు పొడుగు తాళంచెవి. ఆయన ఇనప్పెట్టె మద్రాసు నుంచి వచ్చిందని, దాని తాళంచెవి లాంటిది జిల్లాలో లేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

"మాటలేమైనా ఉంటే తరవాత చూసుకుందాం అబ్బాయ్. ముందు ఈ తాళం పెట్టండి" అన్నాడు.

నాకు ఒక్క క్షణం ఆయనమీద గౌరవం కలగబోయింది. ఆయన తన మనుషులవైపు తిరిగి, "అందరూ చూస్తన్నారుగా, నేను తెచ్చాను" అన్నాడు. గౌరవం ఎక్కడిదక్కడ ఆగింది.

మా తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. "ఆ ఇంటి ఇనుము నా పెళ్ళాం చేతికి తగలటానికి వీల్లేదు."

"ఏం, తగిలితే?"

"తగ్గితే నీ తాళంతో తగ్గిందని రేపు డప్పు కొట్టిస్తావు."

"తగ్గకుండా పోతే? మేం తేలేదని మామీద ఏస్తావు. అందుకే చెప్తన్నా, సాక్షులుండండయ్యా, నేను ఇస్తన్నా, ఈయన వద్దంటన్నాడు."

రెండు పార్టీలవాళ్ళూ అందుకున్నారు. ఆమె కాళ్ళదగ్గర ఆమె తెచ్చిన మజ్జిగ మట్టిలో ఇంకిపోతోంది. ఆమె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, వీళ్ళు ఆ తాళం తగలొచ్చా తగలకూడదా అని వాదించుకుంటున్నారు. నా జన్మలో చానా వాదనలు విన్నాను, చానా చేశాను. ప్లీడరు ఇంట్లో కాపరం చేశాను. అంత సిగ్గుమాలిన వాదన ఇంకొకటి వినలేదు.

నేను బాబాయి ముందుకు పోయాను. "బాబాయ్, నీ తాళం మాకొద్దు. నీ బండి ఇయ్యి."

ఆయన తడబడ్డాడు. తాళంచెవి ఇవ్వడానికి సిద్ధపడి వచ్చాడు గాని బండి ఇవ్వడానికి కాదు. బండి సాయంత్రం ప్రచారానికి కావాలి. "బండా?" అన్నాడు.

"ఆ, బండి. సాక్షుల్ని పిలిచావుగా. ఇస్తావో లేదో వాళ్ళ ఎదురుగానే చెప్పు."

ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా. తొడిమలు తీసే ఆడవాళ్ళు నలుగురూ నేనూ కలిసి మరదల్ని ఎత్తి బండిలో పడుకోబెట్టాం. పెద్దమనుషులు దారి ఇచ్చారు, అదే వాళ్ళు చేసిన సాయం.

తమ్ముడు బండి ఎక్కలేదు.

"ఎక్కరా" అన్నాను.

"వాళ్ళ బండెక్కితే ఊళ్ళో నా మాటేం మిగుల్తదక్కా?"

ఈ వాక్యం నేను కల్పించలేదు. భార్య ప్రాణం పోతుంటే వాడు ఎదుటి పార్టీ బండి ఎక్కనని, గురజాల స్టేషను దాకా ఆ ఎండలో, ఎద్దుల దుమ్ములో, బండి వెనకాల నడిచి వచ్చాడు. వాడి ఏడుపు మాత్రం నిజమైనదే, అది నేను కాదనను. వెనక్కి తిరిగి చూస్తే దుమ్ముకొట్టుకున్న ముఖమ్మీద కన్నీటి చారలు కనపడేవి. ప్రేమ ఉంది. ఉండి ఏం లాభం, ప్రేమకంటే ముందు పార్టీ నడుస్తుంటే.

మాచర్ల నుంచి వచ్చే రైలు ఆ రోజు ఆలస్యమైంది. మా అదృష్టం అనాలో ఏమనాలో తెలియదు, ఆలస్యం కాకపోతే దొరికేది కాదు. ఎక్కించాం. పెట్టెలో ఉన్న ఆడవాళ్ళు అంటుకుంటుందని పైట ముక్కులకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగారు. చోటు దొరికింది, అందుకు సంతోషించాను. పిడుగురాళ్ళలో ఇంకొక మనిషిని ఎత్తుకొచ్చి పక్క పెట్టెలో పడేశారు. అక్కడ సున్నపు బట్టీలో పనిచేసేవాడట, బట్టీ దగ్గరే పడిపోయాడట. వాడికీ మూర్ఛే, వాడిదీ ఆగడం లేదు. వాడివెంట భార్య, ఇద్దరు పనివాళ్ళు. అందరి ఒళ్ళూ సున్నంతో తెల్లగా ఉన్నాయి.

ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ ఇద్దరినీ ఒకేసారి చూసింది. ముందు మా తమ్ముణ్ణి ఒకటే అడిగింది. "మాత్ర ఎప్పుడు మానింది?"

"మానలేదండీ" అన్నాడు వాడు.

అక్కడ కూడా. ఊళ్ళో ఓట్లున్నాయి సరే, ఆ వరండాలో ఎవరి ఓటు కావాలి?

"మాన్పించారు" అన్నాను. "నెల దాటింది. సీసా పెంటలో ఉంది."

ఆమె వాడివంక చూడలేదు. సూదులు సిద్ధం చేయించి, వేసింది. తరవాత ఇంకో మందు ఎక్కించారు, దాని పేరు పారాల్డిహైడ్. దాని వాసన వార్డంతా పట్టేసింది, కుళ్ళిన పళ్ళూ స్పిరిటూ కలిపినట్టుండే వాసన. నర్సు ప్రార్థన చేస్తూనే నాడి చూస్తోంది. ప్రార్థన సంగతి నాకు తెలియదు. నాడి మాత్రం వదలకుండా చూసింది, దానికి నేను దణ్ణం పెడతాను. మరదలి అరచెయ్యి కడుగుతూ, "ఇవేమిటండీ, పళ్ళ గాట్లలాగా ఉన్నాయి?" అని అడిగింది. తాళాల పళ్ళని చెప్పాను. మా అమ్మ ఊళ్ళోనే ఉండిపోవడం ఆవిడ అదృష్టం.

కొట్టుకోవడం ఆగింది. మెలకువ రాలేదు.

సున్నపు బట్టీ మనిషి మర్నాడు కళ్ళు తెరిచాడు. తెరిచి, పెళ్ళాన్ని చూసి, "పనికి పోకుండా ఈడేం చేస్తన్నావే?" అని అడిగాడట. అన్నం తిన్నాడు. కొన్నాళ్ళకు తన కాళ్ళమీద నడిచి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వాడి భార్య వరండాలో నా పక్కన కూర్చుంది.

"మీవాడికి తాళాలు పెట్టలేదా?" అని అడిగాను.

"తాళం యాడిదమ్మా మాకు? తలుపే తడిక" అంది.

బట్టీ రైలు స్టేషను పక్కనే. పడిపోయాడు, ఎత్తుకొచ్చారు, రైలెక్కించారు. ఆలోచన చెయ్యడానికి పెద్దమనుషులు లేరు. మాకు గాదె ఉంది, ఇనప్పెట్టె ఉంది, పరువుంది, పార్టీ ఉంది. మాకున్న వాటిలో ఒక్కటి తక్కువున్నా మా మరదలు ఇంకొంచెం ముందు చేరేది.

ఇది నేను డాక్టరమ్మతో అంటే ఆమె ఒప్పుకోలేదు. నాతో వాదించడానికి ఇంకొకరు దొరికారని ఆ కష్టంలోనూ నాకనిపించింది. "అంత తేలిగ్గా చెప్పకండి" అంది. "త్వరగా తెచ్చినా పోయినవాళ్ళున్నారు, మొన్న ఒక బిడ్డ నా చేతుల్లోనే పోయింది. ఆలస్యంగా తెచ్చినా లేచినవాళ్ళున్నారు. నేను చెప్పగలిగింది ఒకటే. మామూలు ఫిట్టు దానంతటదే ఆగుతుంది, మీరు తాళాలు పెట్టినా తవుడు పెట్టినా ఆగుతుంది. ఆగనిది ఇంట్లో ఆగదు. అది ఎంతసేపు సాగితే మెదడులో అంత నష్టం. ఈమెకు ఎంత పోయిందో, ఎంత మిగిలిందో, లేస్తేగాని తెలియదు."

మరదలు లేచింది. అయితే లేచింది ఎవరో కొన్నాళ్ళు నాకు అర్థం కాలేదు. కుడి చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు. మాట లేదు. నావంక చూసిన చూపు, ఏదో పెళ్ళిలో కనపడిన దూరపు చుట్టాన్ని చూసినట్టుంది. తమ్ముడు దగ్గరికొస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు బయటికిపోయి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఓదార్చడానికి నేను వెళ్ళలేదు.

"మాట వస్తుందా?" అని డాక్టరమ్మను అడిగాను.

"కాలు కొంత వస్తుంది. మాట చెప్పలేను. మీరు మాట్లాడుతూ ఉండండి. ఆమె వింటోందో లేదో అని చూడకండి. మాత్ర మాత్రం జన్మలో మానకూడదు. ఇంకొకసారి ఇట్లా వస్తే తట్టుకోలేదు."

మాట్లాడుతూ ఉండటమంటే నాకు చెప్పాలా? మావారికి ఉత్తరం రాసిపడేసి, మరదలితోపాటు పుట్టింటికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఆమెతో మాట్లాడేదాన్ని. బిందె చూపించి బిందె అనీ, మిరపకాయ చూపించి మిరపకాయ అనీ మొదలుపెట్టాను గాని, రెండ్రోజులకే నాకు విసుగేసింది. అంత తెలివైన మనిషికి బిందె చూపించడమేమిటి? పాత వాదనలన్నీ తవ్వి తీసి, నా వైపూ ఆమె వైపూ రెండూ నేనే వాదించేదాన్ని. ఆమె వైపు వాదించేటప్పుడు నేను ఓడిపోయేదాన్ని, ఎప్పటిలాగే. ఆమె చూస్తూ ఉండేది. కాలు కొంచెం వచ్చింది, గోడ పట్టుకుని నడిచేది. మాట లేదు. అప్పుడప్పుడూ ఏదో గొణుగుడు, అంతే.

అమ్మ ఒకరోజు, "ఇంక ఆ మాత్రలెందుకే, అయ్యేదేదో అయిపోయింది గందా" అంది. మాత్రల సీసా నా పెట్టెలో పెట్టుకుని ఆ పెట్టెమీదే పడుకున్నాను. ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇంట్లో ప్రశాంతంగా ఉండింది.

ఎన్నికలు జరిగాయి. తమ్ముడు గెలిచాడు.

ఎట్లా గెలిచాడో వినండి. భార్య బండి వెనకాల, కాలికి చెప్పులు కూడా లేకుండా, ఎండలో గురజాల దాకా నడిచిన మగాడు జిల్లాలో ఇంకొకడు లేడట. అంతటి మనిషి ఊరిని మాత్రం చూసుకోడా? తూర్పు వీధి ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారట. వాడు బండి ఎందుకెక్కలేదో ఆ వేళ పెరట్లో విన్నవాళ్ళు ముప్పాతిక ఊరు. విన్నవాళ్ళే ఈ కథ చెప్పారు. బాబాయి అరిచి గోల పెట్టాడు, బండి నాది అని. ఓడిపోయినవాడి బండి ఎవరికి గుర్తుంటుంది?

ఆ సాయంత్రం మేళంతో ఊరేగింపు మా వాకిట్లోకి వచ్చింది. తమ్ముడి మెడలో మోయలేనన్ని దండలు. మరదలు అరుగు మీద, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన నేను. ఎవరో హారతి పళ్ళెం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టబోయారు. కుడిచెయ్యి లేవదని తెలియదా? తెలుసు. అందరికీ ఆమె చేత ఆ హారతి ఇప్పించి ఏడవాలని ఉంది. నేను పళ్ళెం తీసి పక్కన పెట్టాను.

తమ్ముడు మెట్టుమీద నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. ముందు ఊరికి దణ్ణం, తరవాత రోడ్లు, తరవాత బావులు. ఆ తరవాత గొంతు తగ్గించి, "నేను పడ్డ కష్టం మీకందరికీ తెలుసు. ఆ రోజు ఆ ఎండలో..." అని అందుకున్నాడు. ఒకళ్ళిద్దరు ముక్కులు చీదారు.

"చాల్లే."

నేనే అన్నాననుకుని అందరూ నావైపు చూశారు. నేను అనలేదు. ఆ గొంతు బొంగురుగా, ముద్దగా ఉంది, కానీ ఆ విరుపు నాకు తెలుసు. వాకిట్లోంచి విసిరే ఆ పాత విరుపే. మరదలు తమ్ముడివంక చూస్తోంది. దూరపు చుట్టాన్ని చూసినట్టు లేదు, మొగుణ్ణి చూసినట్టే ఉంది.

జనంలో కొందరు నవ్వారు. పాపం, మతి లేని మనిషి, నోటికొచ్చిందేదో అనేసిందనుకున్నారు. తమ్ముడు నవ్వలేదు. రోడ్లూ బావులూ అన్నీ మర్చిపోయాడు. మేళంవాళ్ళు కాసేపు చూసి, ఇక్కడ పనైపోయిందనుకుని వాయించుకుంటూ ముందుకు పోయారు. వెనకే జనమూ పోయారు.

వాడు మెట్లెక్కి వచ్చి నాతో నెమ్మదిగా, "అక్కా, తెలిసే అన్నదంటావా?" అన్నాడు.

"నన్నడుగుతావేంది? దాన్నే అడుగు."

అడగలేదు. ఆమె ముందు చతికిలబడి కూర్చున్నాడు. ఆ ఒక్క మాట మళ్ళీ రావడానికి ఇంకా చానా రోజులు పట్టింది. ఆ తరవాత జన్మంతా కలిపి ఆమెకు వచ్చిన మాటలు రెండు దోసిళ్ళకు మించలేదు. కుడిచెయ్యి ఎప్పటికీ రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు మెదడులో పోయింది పోయినట్టే. కానీ పోయినవాటిలో మా మరదలు లేదని ఆ సాయంత్రం నాకు తెలిసింది, వాడికి కూడా తెలిసింది. వాడికి తెలియడమే నాకు కావలసింది.

"దాని మాత్ర వేళయింది. నీళ్ళు పట్రా" అన్నాను.

ప్రెసిడెంటుగారు దండలతోనే వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చారు.